గాలి దారిలో నూనె

ధ్యానమునకు చదువవలసిన భాగము: మార్కు సువార్త 7:1–23



పాత కారు గలవారు మన సంఘములలో కొందరున్నారు. అంబాసిడరు కార్ల తయారీ 2014లో నిలిచిపోయినను, వాటిలో కొన్ని ఇంకను పెండ్లిండ్లకు, ఆసుపత్రి ప్రయాణములకు తిరుగుచునే యున్నవి. అట్టి పాత పెట్రోలు బండిని మేస్త్రీ విప్పి, ఇంజనులోనికి గాలి పోవు గొట్టములో వ్రేలు పెట్టి చూచినప్పుడు, నల్లని జిడ్డు అంటుకొనుట కలదు. యజమానునికి ఇది వింతగా తోచును. అది గాలి పోవు దారి గదా! నూనె పోయు మూత వేరొక చోట నున్నది. ఇచ్చటికి నూనె ఎట్లు వచ్చెను? మట్టి రోడ్లమీద తిరిగినందున వచ్చెనని ఒకడు, పెట్రోలులో కల్తీయని మరియొకడు చెప్పును. నెపము ఎల్లప్పుడును బయటిదే.

ఆ నూనె బయటనుండి రాలేదు. ఇంజను కడుపులోనుండియే వచ్చినది.

ఇది ఎట్లు జరుగునో కొంచెము నిదానముగా చూతము. తూకమున ఒక పాలు పెట్రోలు చక్కగా మండుటకు సుమారు 14.7 పాళ్ల గాలి కావలెను. అనగా ఇంజను కూడ మనవలె ఊపిరిమీద బ్రతుకునదే. సిలిండరులో పెట్రోలు మండగా పుట్టిన ఒత్తిడి పిస్టనును క్రిందికి త్రోయును. పిస్టను చుట్టునున్న రింగులు ఆ వాయువును పైననే ఆపవలెను. క్రొత్త రింగులైనను పూర్తిగా ఆపజాలవు. కొంత వాయువు సందులలో జారి, క్రింద నూనె యుండు తొట్టిలోనికి దిగును. రింగులు అరిగినకొలది మరి యెక్కువగా దిగును. అక్కడ చిమ్ముచున్న నూనె తుంపరలను అది తనతోకూడ మోసికొనిపోవును. పూర్వపు కార్లలో ఆ వాయువును ఒక గొట్టముగుండ రోడ్డుమీదికే విడిచిపెట్టెడివారు. ఊరి గాలి చెడిపోవుచున్నదని అమెరికాలోని క్యాలిఫోర్నియా రాష్ట్రము, దానిని బయటికి వదలక ఇంజను గాలి దారిలోనికే త్రిప్పి కాల్చివేయవలెనని 1961లో ఆజ్ఞాపించెను. ఇప్పటి కార్లలో నున్న ఏర్పాటు అదియే. వాయువు కాలిపోవును గాని, దానితో వచ్చిన నూనె దారిలో చల్లబడి గోడలకు అంటుకొనును. ఇంజను తాను విడిచిన ఊపిరినే తాను మరల పీల్చుచున్నది.

పరిసయ్యులు శిష్యుల చేతులు చూచి తప్పు పట్టిరి. ప్రభువు ఆ చూపును చేతులమీదనుండి హృదయముమీదికి త్రిప్పెను. తిన్నది కడుపులోనికి పోయి బయటికి పోవును గాని, మనుష్యుని మైలపరచునది వాని లోపలనుండియే బయలుదేరునని ఆయన బోధించెను. మనమైతే ఇంకను చేతులనే చూచుచున్నాము. కుమారుడు పట్టణమునకు పోయి చెడెనందుము, సెల్ ఫోను చెరిపెనందుము. అందులో నిజము లేకపోలేదు. అయితే రాత్రి అన్నము తినునప్పుడు మనము పొరుగింటివారిని గూర్చి, స్వంత అన్నదమ్ములను గూర్చి పలికిన మాటలు ఆ బిడ్డ పదియేండ్లు విని పెరిగెనను సంగతి తలంచుదుమా? ఇంటిలో మనము విడిచిన ఊపిరినే బిడ్డలు పీల్చుదురు.

జిడ్డును గుడ్డతో తుడిచి, బిగించి పంపివేయు మేస్త్రీలు కలరు. నెల తిరుగకమునుపే అది మరల వచ్చును. మంచి మేస్త్రీ మొదట చిన్న సంగతులు చూచును. నూనె గీతను మించి పోసిరా? ఆ వాయువును నడిపించు చిన్న వాల్వు మూసికొనిపోయెనా? వాల్వును ఊడదీసి చెవియొద్ద ఆడించును. గలగలమన్నయెడల అది ఇంకను కదలుచున్నది, పలుకనియెడల జిడ్డుతో బిగిసిపోయినది. దానిని మార్చుట స్వల్ప వ్యయము. అప్పటికిని తీరనియెడల సిలిండరు ఒత్తిడిని కొలిచి, ప్లగ్గు రంధ్రములో ఒక చెంచా నూనె పోసి మరల కొలుచును. ఒత్తిడి పెరిగినచో రింగులు అరిగినవని అతనికి తెలియును. ఇక ఇంజను విప్పక గతి లేదు. క్రిస్మసుకు గోడలకు సున్నము వేయుట మంచిదే గాని, రింగులు అరిగినవాని యింటికి సున్నమేమి చేయును?

మరియొక అవివేకమున్నది. నూనె వచ్చుచున్నదని విసిగి, కొందరు ఆ గొట్టమునే గుడ్డ కుక్కి మూసివేయుదురు. గాలి దారి శుభ్రముగానే కనబడును. లోపలి వాయువుకు మాత్రము దారి లేక ఒత్తిడి పెరిగి, సీళ్లను త్రోసికొని నూనె నేలమీద కారును. దావీదు తన పాపమును ఒప్పుకొనక నోరు మూసికొనిన దినములలో వేసవి చెరువువలె లోపల ఎండిపోయెనని 32వ కీర్తన చదివినవారికి తెలియును. బయటి రాజ్యకార్యములు ఎప్పటివలెనే జరిగియుండును. ఒప్పుకొనుట దేవుడు మనకిచ్చిన గొట్టము. దానిని మూసినవాడు గౌరవస్థుడుగా కొంతకాలము తిరుగవచ్చును. పిమ్మట భార్యమీదను బిడ్డలమీదను పశువులమీదను అది కారును.

ఇక్కడ భయస్థులైన విశ్వాసులకు ఒక మాట చెప్పవలెను. పాత ఇంజను గాలి దారిలో పలుచని నూనె పొర యుండుట సహజము. దానిని చూచి ఏ మేస్త్రీయు ఇంజను విప్పడు. ప్రార్థనలో మనస్సు ఒక నిమిషము గేదెమీదికి పోయెనని ప్రభువు బల్లకు రాక వెనుక కూర్చుండు వృద్ధురాలా, నీవు రమ్ము. పొర వేరు, మడుగు వేరు.

వానకాలములో కారును చర్చికి మాత్రము తీసికొనివచ్చి మరల షెడ్డులో పెట్టువారు నూనె మూత విప్పి చూడవలెను. అడుగున పాలు కలిపిన టీ రంగు మడ్డి కనబడవచ్చును. రెండు కిలోమీటర్ల ప్రయాణములో ఇంజను పూర్తిగా వేడెక్కదు. లోపలి తేమ ఆవిరికాక నూనెలో కలిసి మడ్డి యగును. ఆదివారమున గంటసేపు గోరువెచ్చనై, ఆరు దినములు చల్లారు భక్తికి కూడ ఇట్టి మడ్డియే పట్టును.

పొలము గట్టు తగాదాలో మాట మానిన అన్నదమ్ములు ఒకే ఆరాధనకు వచ్చి, ఒకడు కుడి ప్రక్కను ఒకడు ఎడమ ప్రక్కను కూర్చుండుట మన గ్రామ సంఘములలో క్రొత్త కాదు. ఇద్దరును తెల్లని పంచెలే కట్టుదురు, ఇద్దరును కానుక వేయుదురు. మత్తయి 5వ అధ్యాయములో ప్రభువు అట్టివానిని గూర్చి చెప్పుచు, కానుకను బలిపీఠము ముందరనే విడిచి మొదట సహోదరునియొద్దకు పొమ్మనెను. వచ్చు ప్రభురాత్రి భోజనమునకు ముందు శనివారమున్నది. పొద్దు గ్రుంకినవెంట, దీపము పట్టుకొని, పెద్దలనెవ్వరిని వెంటబెట్టుకొనక, చిన్నవాడైన నీవే ముందుగా అన్న యింటికి పొమ్ము. సర్వే రాళ్ల సంగతి ఆ రాత్రి ఎత్తవద్దు.