కొన్నవాడి వాటా

మహాభారతం అరణ్యపర్వంలో, ఎర్రన తెలుగు చేసిన భాగంలో, ధర్మవ్యాధుడనే మాంసం వర్తకుడు ఉన్నాడు. మిథిలలో అతని అంగడి. తపస్సు చేసిన కౌశికుడు ధర్మం తెలుసుకోవడానికి ఆ అంగడికే వెళ్లవలసి వస్తుంది. వ్యాధుడు తన వృత్తి గురించి చెప్పుకున్న సంగతుల్లో ఒకటి మన కాలపు వ్యాపారానికి అచ్చంగా సరిపోతుంది. జంతువులను అతను చంపడు, ఇతరులు చంపి తెచ్చినవాటిని అమ్ముతాడు. అదే భారతం అనుశాసనిక పర్వానికి వచ్చేసరికి భీష్ముడు ఆ గీతను చెరిపేస్తాడు. డబ్బిచ్చి కొన్నవాడికీ హింసలో భాగం ఉందని ఆయన లెక్క. ఎవరి తిండినీ తక్కువ చేయడానికి ఈ కథ ఎత్తుకోలేదు. ఆ పని మన సమాజం ఎప్పటినుంచో కావలసినదానికంటే ఎక్కువే చేస్తోంది. ఇక్కడ పనికొచ్చేది ఆ తర్కం. చేతికి నెత్తురంటనివాడికి ఆ నెత్తురులో వాటా ఎంత? ఎలక్ట్రిక్ కారుకు భవిష్యత్తు ఉందా లేదా అన్న వాదనల్లో రేంజి, ఛార్జింగ్, ధర, రాయితీ అన్నీ వస్తాయి. ఈ ప్రశ్న ఒక్కటే రాదు.

రాకపోవడం ఆధారాలు లేక కాదు. బ్యాటరీల్లో వాడే ఒక లోహం కోబాల్ట్. ప్రపంచంలో తవ్వే కోబాల్ట్‌లో దాదాపు 70 శాతం కాంగో ప్రజాస్వామ్య గణతంత్రానిదే. అందులో అధిక భాగం పెద్ద యంత్రాల గనుల నుంచి వస్తుంది. మిగతాది పలుగూ పారా పట్టుకుని, దన్ను లేని సొరంగాల్లోకి దిగే మనుషులు తీస్తారు. వాళ్లలో పిల్లలూ ఉన్నారని ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ 2016లోనే నివేదిక ఇచ్చింది. 2019 డిసెంబర్‌లో, గనుల్లో చనిపోయిన, అవిటివాళ్లయిన పిల్లల తరఫున అమెరికా కోర్టులో దావా పడింది. ప్రతివాదులు ఆపిల్, గూగుల్ మాతృసంస్థ ఆల్ఫాబెట్, మైక్రోసాఫ్ట్, డెల్, టెస్లా. 2024 మార్చిలో వాషింగ్టన్ అప్పీలు కోర్టు ఆ దావాను కొట్టేసిన తీర్పునే ఖాయం చేసింది. ప్రపంచమంతా అల్లుకున్న సరఫరాలోంచి సరుకు కొన్నంత మాత్రాన, ఆ గనుల్లో వెట్టి చేయించేవాళ్లతో కలిసి వ్యాపారం చేసినట్టు కాదన్నది కోర్టు మాట. అంటే చట్టం ధర్మవ్యాధుడి పక్షాన నిలబడింది. చట్టం పరిధిలో అది సరైన తీర్పే కావచ్చు, నేరానికి నిరూపణ కావాలి. ధర్మానికి అంత నిరూపణ అక్కర్లేదు, అందుకే దాని ప్రశ్న ఇంకా మిగిలే ఉంది.

నా వాదం ఇది. కొన్నవాడి వాటా అతను తెలుసుకోగలిగినంత, మార్చగలిగినంత. వ్యాధుడు చెప్పిన రెండో సంగతి ఈ కొలతకు బలమిస్తుంది. నాగలి దున్నినప్పుడూ ప్రాణులు చస్తాయి, నడిచినప్పుడూ చస్తాయి, హింస బొత్తిగా అంటని బతుకు లోకంలో లేదంటాడు. జైనులు కూడా గృహస్థుకు ఈ వెసులుబాటు ఇచ్చారు. కావాలని చేసే హింస వేరు, వంటలో, సేద్యంలో, వృత్తిలో తప్పక జరిగేది వేరు అని విడదీశారు. మొదటిది మానాలి, రెండోదాన్ని తగ్గించుకుంటూ పోవాలి. ఈ రెండు సంప్రదాయాలూ మచ్చలేనితనాన్ని కొలబద్దగా పెట్టలేదు. పెట్టి ఉంటే రైతు కూడా మిగలడు. కాబట్టి ఎలక్ట్రిక్ కారు పాపరహితమా అని అడగడమే తప్పు. దాని హింస తెలుసుకోవడానికి వీలైనదా, తగ్గించడానికి వీలైనదా అని అడగాలి. పెట్రోలు కారుతో తేడా వచ్చేది ఇక్కడే. పెట్రోలు ఒకసారి కాలితే తిరిగి రాదు, రేపటి ప్రయాణానికి మళ్లీ తవ్వాలి, మళ్లీ కాల్చాలి. బ్యాటరీలోని లిథియం, నికెల్, రాగి కారు ముసలిదయ్యాక కూడా అక్కడే ఉంటాయి, వెలికితీసి మళ్లీ వాడుకోవచ్చు. మొదటిది హింస ఆగితే ఆగిపోయే యంత్రం. రెండోదాని హింస ఎక్కువగా తయారీలోనే జరిగిపోతుంది, తయారీ అంటే మనిషి నిర్ణయించుకోగలిగిన పని.

మన దేశంలో కరెంటులో దాదాపు మూడు వంతులు బొగ్గుదే కదా, పొగ గొట్టం కారు వెనక నుంచి రామగుండానికో ఇబ్రహీంపట్నానికో మారిందంతే అంటారు. ఇది గట్టి అభ్యంతరమే, తేలిగ్గా తోసేయకూడదు. అంతర్జాతీయ స్వచ్ఛ రవాణా మండలి 2021లో వేసిన లెక్క ప్రకారం, తయారీ నుంచి తుక్కు దాకా అన్నీ కలుపుకుంటే, అప్పటి ఎలక్ట్రిక్ కారు యూరప్‌లో పెట్రోలు కారుకంటే 66 నుంచి 69 శాతం తక్కువ ఉద్గారాలు వదులుతుంది. భారత్‌లో ఆ తగ్గుదల 19 నుంచి 34 శాతమే. తక్కువే, కానీ సున్నా కాదు. పైగా కరెంటు శుభ్రపడేకొద్దీ నిన్న కొన్న కారు కూడా శుభ్రపడుతుంది, పెట్రోలు కారుకు ఆ యోగం లేదు. అయితే ఉద్గారాల లెక్కలో ఇమడనిది ఒకటుంది. థర్మల్ కేంద్రం బూడిద పడే ఊళ్లలో కారు ఉన్నవాళ్లు తక్కువ. హైదరాబాద్ కూడలిలో గాలి తేలికపడినందుకు గర్వపడేవాడు, ఆ తేలికకు వేరెవరో ఖర్చు కడుతున్నారని ఒప్పుకోవాలి. ఒప్పుకున్నాక చేయవలసిన పని కారు మానుకోవడం కాకపోవచ్చు, బొగ్గు కేంద్రాలకు కాలుష్య నియంత్రణ నిబంధనలు మళ్లీ మళ్లీ సడలిస్తుంటే ఊరుకోకపోవడం.

మరో అభ్యంతరం తయారీదారుల నుంచి వస్తుంది. ప్రతి రాయి జాతకం అడుగుతూ కూర్చుంటే మేము నిలవలేం, లాభపడేది చమురు కంపెనీలే అని. ఇందులో సగం నిజం. బ్యాటరీ గనుల గురించి కన్నీళ్లు పెట్టుకునే వాదనల్లో చాలావాటికి చమురు పాడుచేసిన నైజీరియా నైజర్ డెల్టా మీద ఎన్నడూ కన్ను తడవలేదు. కానీ నిలవలేం అన్న మిగతా సగానికి చరిత్రే జవాబు చెప్పింది. కోబాల్ట్, నికెల్ రెండూ అక్కర్లేని లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ 1990ల నుంచీ ఉన్నదే. బరువెక్కువ, శక్తి తక్కువ అని కార్లకు పనికిరాదన్నారు. 2024 నాటికి ప్రపంచ ఎలక్ట్రిక్ కార్ల బ్యాటరీల్లో దాదాపు సగం అదే. మన రోడ్ల మీద తిరిగే నెక్సాన్ ఈవీలోనూ అదే. కోబాల్ట్ ఖరీదు వల్ల మారారే తప్ప కాంగో పిల్లల కోసం కాదనవచ్చు, అదీ చాలావరకు నిజమే. కర్త మనసు ఏదైనా, మార్చడం సాధ్యం కాదన్న మాట మాత్రం అబద్ధమని తేలింది. సాధ్యమైనచోట వాటా పెరుగుతుంది.

అన్నిటికంటే కష్టమైన అభ్యంతరం ఇంకొకటుంది, ఇది నా వాదం లోపలినుంచే పుడుతుంది. కోబాల్ట్ వదిలేశాం, మా చేతులు కడిగేసుకున్నాం అంటే, కాంగోలోని కొల్వేజీలో రాళ్లు ఏరుకుని పొట్ట పోసుకునేవాడు ఏమవుతాడు? మన శుచి అతని పస్తు అవుతుంది. ఉత్పత్తి మితిమీరి ధర కుప్పకూలి, 2025 ఫిబ్రవరిలో కాంగో ప్రభుత్వం కోబాల్ట్ ఎగుమతులనే ఆపేసింది. ఆ నేల బతుకు ఎక్కడో కూర్చున్నవాళ్ల కొనుగోలు మీద ఎంతగా వేలాడుతోందో దాన్నిబట్టి తెలుస్తుంది. మడి కట్టుకుని దూరంగా నిలబడడం ధర్మమని మనకు తరతరాలుగా అలవాటు. ఆ అలవాటు ఇక్కడ ప్రమాదకరం. కొన్నవాడికి వాటా ఉందని ఒప్పుకుంటే, కొనడం మానేయగానే ఆ వాటా మాఫీ కాదు. ఇన్నాళ్లు లాభపడినవాడు అక్కడే ఉండి, ఎక్కువ ధర ఇచ్చి, సొరంగానికి దన్ను పెట్టించి, పిల్లలను బడికి పంపేలా చూసి కొనడం, మానేయడంకంటే కష్టం, కానీ న్యాయానికి దగ్గర. ఫాస్ఫేట్ బ్యాటరీని పొగుడుతూనే, దాన్ని ప్రాయశ్చిత్తంగా ఒప్పుకోలేకపోవడానికి కారణం ఇదే.

ఈ కొలతతో చూస్తే కంపెనీల భవిష్యత్తు గురించి జరిగే పందెం వేరుగా కనిపిస్తుంది. బ్యాటరీ కార్ల అమ్మకాల్లో చైనా కంపెనీ బీవైడీ 2025లో టెస్లాను దాటింది. ఆ పోటీ అంతా ధర మీద నడుస్తోంది, ధర మీద నడిచే పోటీలో ముందు కరిగేది కనిపించని మనిషి కూలీ. బ్రెజిల్‌లోని కమసారిలో బీవైడీ అప్పట్లో కడుతున్న ఫ్యాక్టరీ దగ్గర 163 మంది చైనా కూలీలు బానిసత్వంతో సమానమైన స్థితిలో ఉన్నారని 2024 డిసెంబర్‌లో అక్కడి అధికారులు ప్రకటించారు. వాళ్లను తెచ్చిన కాంట్రాక్టు సంస్థ ఆరోపణను ఖండించింది, బీవైడీ ఆ కాంట్రాక్టును తెంచుకుంది. మళ్లీ అదే వరస: చేసింది నేను కాదు, నాకు చేసిపెట్టినవాడు. యూరప్ ఈ వరసకు అడ్డం పడాలని 2023లో బ్యాటరీ చట్టం చేసింది. 2027 ఫిబ్రవరి నుంచి ప్రతి ఎలక్ట్రిక్ కారు బ్యాటరీకి ఒక డిజిటల్ పాస్‌పోర్ట్ ఉండాలి, అందులో ఏ పదార్థాలున్నాయో, ఎంత కార్బన్ ఖర్చయిందో రాసి ఉండాలి. ముడిసరుకు ఎక్కడిదో విచారించుకోవాలన్న నిబంధనను మాత్రం పరిశ్రమ ఒత్తిడి మధ్య 2025 నుంచి 2027కు జరిపారు. తెలియదు అనే హక్కును ఎవరూ ఊరికే వదులుకోరు.

మన దగ్గర ఆ హక్కు ఇంకా చాలావరకు అలాగే ఉంది. మహబూబ్‌నగర్ జిల్లా దివిటిపల్లిలో అమరరాజా బ్యాటరీ సెల్ ఫ్యాక్టరీ కడుతోంది, అంటే కొనేవాళ్లమే కాదు, అంగడి తెరిచేవాళ్లం కూడా అవుతున్నాం. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబర్ నుంచి 2026 డిసెంబర్ 31 దాకా ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మాఫీ చేసింది. ఆ మాఫీ ప్రజల డబ్బు, కాబట్టి కారు కొననివాళ్లకూ ఈ కొనుగోలులో వాటా ఉంది. గడువు పొడిగించే మాట వచ్చినప్పుడు, రాయితీ కోరే ప్రతి కంపెనీ తన సెల్‌లోని లోహం ఏ దేశంలో, ఏ గనిలో, ఎవరి చేత తవ్వించిందో రాసివ్వాలన్న ఒక్క షరతు చేరిస్తే ఖజానాకు పైసా ఖర్చు లేదు.