గరుకు చెడని శుద్ధి

చిత్తశుద్ధి కావలెనని మన పెద్దలందఱును చెప్పిరి. భక్తుడు దానిని దైవమును వేడి కోరును. జ్ఞాని దానిని జ్ఞానమునకు ద్వారముగా నెంచును. కర్మయోగి దానికొఱకే ఫలాపేక్ష విడిచి కర్మము సేయును. కాని శుద్ధి యన నేమి యని ప్రశ్నించుకొన్నప్పుడు రెండు తలంపులు ఒకదానితో నొకటి కలిసిపోయి సాధకుని చిక్కులలో పడవేయుచుండును. మనస్సునకు పట్టిన మాలిన్యము తొలగుటయే శుద్ధి యని యొక తలంపు. ఏ మాలిన్యమును ఎన్నటికిని పట్టజాలనంత నున్నగా మనస్సును చేసికొనుటయే శుద్ధి యని వేఱొక తలంపు. పైకి రెండును ఒకటే యనిపించును. నిజమునకు మొదటిది మనుష్యుని నిలువబెట్టును, రెండవది పడద్రోయును. ఈ భేదము గ్రంథములలో వెదకినదానికంటె, నీటిమీద తిరుగు నావను కడుగువారి పనిలో మఱింత స్పష్టముగ కనబడును.

వికారాబాదు నుండి తాండూరునకు పోవు రైలుదారిలో ధారూర్ కలదు. దానికి చేరువనే కోట్‌పల్లి జలాశయము. పైరులకు నీరిచ్చుటకై కట్టిన ఈ జలాశయమునకు ఇటీవలి కాలమున హైదరాబాదు నుండి జనులు వచ్చి, తెడ్లు చేతబట్టి, చిన్నపడవలలో విహరించుచున్నారు. ఆ చుట్టుపట్ల నున్న అనంతగిరి ప్రాంతపు నేలలో ఎఱ్ఱమన్ను విస్తారము. ఇనుము తుప్పై కలిసియుండుటచేతనే దానికి ఆ యెఱుపు. గట్టుమీది తడిమన్ను త్రొక్కి పడవనెక్కిన ప్రతి పాదమును ఆ మన్నును కొంత లోనికి తెచ్చును. ఫైబరు గ్లాసుతో చేసిన పెద్దపడవలలో మనుష్యులు నిలుచు పైతట్టును, అనగా డెక్కును, కావలెననియే గరుకుగ నుంచుదురు. చిన్నచిన్న గళ్ళు పైకి తేలునట్లు అచ్చులోనే పోతపోయుట యొక పద్ధతి. రంగులో సన్నని యిసుక కలిపి పూయుట మఱియొక పద్ధతి. విశాఖపట్టణపు చేపలరేవులోని మరపడవకైనను, హుసేన్ సాగరమున బుద్ధవిగ్రహము కడకు జనులను చేర్చు లాంచీకైనను నియమ మొక్కటే: తడిసినచోట కాలు జారరాదు. అయితే ఆ గళ్ళ సందులలోనే మన్నును, నూనెయు, చేపనెత్తురును, పాచియు, మేకుల తుప్పును చేరి, నీటికి నాని, ఎండకు కాగి, తుదకు ఎంత కడిగినను పోని మరకలగును. నున్నని ప్రక్కగోడను గుడ్డతో తుడిచినంతనే మెఱయును. పాదమును కాపాడు చోటు మాత్రము నల్లబడును.

తత్త్వ మిచ్చటనే యున్నది. ఏ గుణము మనలను పడకుండ కాచుచున్నదో, ఆ గుణమే మాలిన్యమునకు నెలవగుచున్నది. పరుల దుఃఖమునకు కరగు హృదయమే పరుషవాక్యమునకు గాయపడి పగను దాచుకొనును. చేసిన మేలును మఱవని స్మృతియే కీడునుగూడ మఱవకుండును. న్యాయమును ప్రేమించు బుద్ధికే క్రోధము త్వరగా పట్టును. బిడ్డలయెడ మమత లేని తల్లికి ఆందోళన లేకపోవచ్చును; కాని ఆమె యొడిలో బిడ్డకు చోటును లేదు.

ఓపిక లేనివాడు ఇట్టి మరకను చూచి యేమి చేయును? ఇనుపపీచుతో రుద్దును, గరుకుపొడులతో తోమును, అప్పటికిని పోకున్న రాపిడియంత్రము పెట్టి అరగదీయును. మరక పోవును, దానితోడ గరుకును పోవును. ఇనుపపీచు నుండి రాలిన నలుసులు గళ్ళలో నిలిచి, తామే తుప్పుపట్టి, క్రొత్తమరకలను పుట్టించును. పైపూత అరగిన తట్టు మునుపటికంటె వేగముగ మురికిని పీల్చుకొనును. వైరాగ్యమను పేర బంధువులయెడను లోకముయెడను మనస్సును మొద్దుబార్చుకొన్నవారి గతియు నిట్టిదే. రాగమును పోగొట్టుకొంటిమని వారు తలంతురు; కాని పోయినది దయ; రాగము అహంకారరూపమున లోననే నిలిచి, మునుపటికంటె లోతుగ దిగియుండును.

యోగశాస్త్రకర్తయైన పతంజలి ఈ పొరపాటు చేయలేదు. నియమములలో శౌచమును మొదట నిలిపిన ఆ మహర్షియే, యోగసూత్రముల సమాధిపాదమున చిత్తము తేటపడుటకు ఉపాయము చెప్పుచు, సుఖులయెడ మైత్రిని, దుఃఖితులయెడ కరుణను, పుణ్యాత్ములయెడ ముదితను, పాపులయెడ ఉపేక్షను అలవఱచుకొమ్మనెను. ఈ నాలుగింటిలో మూడు హృదయము స్పందించు విధములే. నాలుగవదైన ఉపేక్షయు ద్వేషమును ఆపుటయే కాని రాయి యగుట కాదు. ఈర్ష్య యను మరక పోవుటకు పరుల సుఖమును చూడని కన్ను పనికిరాదు. చూచి సంతోషించు కన్ను కావలెను. మనస్సునకు గల స్పర్శను అరగదీయక, దానిలో చేరిన దోషమును మాత్రమే కరగించు ఉపాయ మిది.

ధారూర్ దాటి తాండూరు చేరినచో నాపరాతి గనులు కనబడును. ఆ నీలిబండలును పసుపుబండలును తెలుగువారి ఇండ్లెన్నింటనో నేలయై పఱచుకొన్నవి. నడవలో మెఱుగుపెట్టిన బండయు, స్నానపుగదిలో గరుకుబండయు వేయవలెనని ఇంటివారికి ఎవరును నేర్పనక్కఱలేదు. అయితే ఆ రాయి సున్నపురాతి జాతిది; ఆమ్లములకు ఓర్వదు. పడవ డెక్కుమీది తుప్పుమరకకు ఆక్సాలిక్ ఆమ్లము మంచి మందు. అది ఇనుముతో కలిసి, దానిని నీట కరగు పదార్థముగ మార్చి, కొట్టుకొనిపోవునట్లు చేయును. అదే యామ్లమును తాండూరు బండమీద పోసినచో బండ మెఱుగు చెడును. మరక యొక్కటియే, మరకపట్టిన వస్తువు వేఱు, కావున చికిత్సయు వేఱు. మన శాస్త్రములు అధికారిభేదమని, అనగా సాధకుని యోగ్యతలోని భేదమని, చెప్పినదాని సారమిదియే. ఆ భేదము పుట్టుకనుబట్టి కాక స్వభావమునుబట్టి గ్రహింపవలసినది. ఉపవాసము ఒకని భోగలాలసను తగ్గించును. మఱియొకని గర్వమును పెంచును. మౌనము వాచాలునకు ఔషధము. లోలోన కుమిలిపోవువానికి విషము. తనకు మేలుచేసిన సాధనను ఎల్లరకును విధించు గురువు, మందును ఎఱిగినవాడే కాని రోగిని ఎఱుగడు.

మరకలును ఒక్కజాతివి కావు. జిడ్డు సబ్బునీటికి వదలును. పాచియు బూజును పలుచని బ్లీచింగు నీటికి లొంగును. తుప్పు ఆమ్లమునకు లొంగును. తుప్పుమీద బ్లీచింగు ప్రయోగించినచో అది పోకపోగా మఱింత స్థిరపడును. తొందరపడి ఆమ్లమును బ్లీచింగును కలిపినచో క్లోరిను అను విషవాయువు పుట్టి, కడుగువాని ప్రాణమునకే ముప్పగును. వేదాంతులు అంతఃకరణదోషములను మలము (మాలిన్యము), విక్షేపము (చాంచల్యము), ఆవరణము (అజ్ఞానపు కప్పు) అని మూడుగ విభజించి, మలమునకు నిష్కామకర్మమును, విక్షేపమునకు ఉపాసనను, ఆవరణమునకు జ్ఞానమును విధించుటలో ఇట్టి వివేకమే కలదు. మలము పోకమునుపే, ఆత్మ కర్త కాదను సిద్ధాంతమును చేపట్టినవానికి, ఆ సిద్ధాంతము తన తప్పులకు సాకుగ మాఱును. సత్యమే అయినను, అకాలమున పడిన సత్యము మరకను గట్టిపఱచును.

మరక పోయిన పిమ్మట మైనము పూసి మెఱయింపవలెనను కోరిక పుట్టుట సహజము. ప్రక్కగోడకు మైనము మేలుచేయును; డెక్కునకు మాత్రము కీడు. గళ్ళ సందులు మైనముతో నిండి, నీరు తగిలినంతనే కాలు జారును. శుద్ధుడనైతినను తలంపే మనస్సునకు అట్టి మెఱుగు. అది చూచువారికి ఆకర్షణీయము. దానిని నమ్మి అడుగుపెట్టినవారికి ప్రమాదము. ధర్మాత్ముడని ప్రసిద్ధికెక్కినవాని చెంత ఆర్తుడు తన తప్పు చెప్పుకొనుటకు జంకినచో, అక్కడ మాలిన్యము లేకపోవచ్చును కాని ఆశ్రయమును లేదు.

అనంతగిరి పద్మనాభస్వామి సన్నిధికి పోవువారికి ఒక కథయు, ధారూర్‌లో ఏటా నవంబరు మాసమున జరుగు క్రైస్తవజాతరకు తరలివచ్చువారికి మఱియొక కథయు పరిచితములు. రాముని పాదధూళి సోకి రాయి స్త్రీయైనదని విన్న పడవవాడు, తన పడవయు నట్లే మాఱిపోవునేమోయని వెఱచి, ఆ పాదములు కడిగిన తరువాతనే ఆయనను ఎక్కించుకొనెనట. వాల్మీకమున లేని ఈ వృత్తాంతము అధ్యాత్మరామాయణమున నున్నది. రామచరితమానసమున తులసీదాసు దీనిని భక్తిరసముతో విస్తరించెను. యోహాను సువార్తలో యేసు తన శిష్యుల పాదములు కడుగ బూనగా, జాలరియైన పేతురు మొదట వలదని వారించి, పిమ్మట తన చేతులును తలయు సైతము కడుగుమని వేడుకొనెను. స్నానమాడినవానికి పాదములు కడిగిన చాలునని యేసు సమాధానపఱచెను. ఒకచోట భక్తుడు భగవంతుని పాదములు కడిగెను. మఱియొకచోట గురువే శిష్యుని పాదములు కడిగెను. రెండింటను కడుగబడినది లోకమును త్రొక్కు పాదమే. మనుష్యుడు ఆపాదమస్తకము పాపమయుడని రాచి రంపాన పెట్టనక్కఱలేదు. ఏ చోట లోకము మనలను తాకుచున్నదో ఆ చోటును దినదినము కడుగుకొన్న చాలును. పడవల యెడ అనుభవముగలవారి మాటయు నిదియే: పని ముగిసిన ప్రతిసారియు మంచినీటితో, మెత్తని కుంచెతో, అన్ని దిక్కులకు త్రిప్పుచు కడిగిన డెక్కునకు ఘాటైన మందుల అవసరము అరుదుగ వచ్చును.

ఆత్మ నిత్యశుద్ధము గదా, దానికి మరక యెక్కడిది, ఈ శ్రమ యెందులకు, అని అద్వైతి ప్రశ్నింపవచ్చును. ఆ మాట సత్యము. మరక పడవకే కాని దాటువానికి కాదు. అయినను దాటువాడు ఆవలిగట్టు చేరువఱకు కాలుమోపవలసినది ఆ పడవమీదనే. శంకరభగవత్పాదుల పేర నున్న ఆత్మబోధమున దీనికి చక్కని దృష్టాంతము కలదు. మురికినీట కలిపిన చిల్లగింజ పొడి మడ్డిని అడుగునకు చేర్చి, తానును దానితోడనే అడుగంటి, తేటనీటిని మాత్రమే మిగుల్చును. డెక్కు కడుగువారును తుదకు సబ్బును ఆమ్లమును లేశమైన మిగులనీయక మంచినీటితో కడిగివేయుదురు. మిగిలినచో మందే క్రొత్తమరక యగును. సాధన చేయుచున్నానను స్పృహయు అట్లే తన పని ముగించి తాను తొలగిపోవలెను.

కావున శుద్ధి యనగా స్పర్శ కోల్పోవుట కాదు. బాధపడగల హృదయము బాధపడుచునే యుండవలెను; అందు పగ మాత్రము నిలువరాదు. మేలుకీడుల నెఱుగు బుద్ధి పదునుగనే యుండవలెను. అందు క్రోధము మాత్రము పాచిపట్టరాదు. లోకమున మసలునంతకాలము అట్టి మనస్సునకు మరల మరల మాలిన్యము సోకుచునే యుండును. అది సాధన విఫలమైనదనుటకు గుర్తు కాదు, మనము ఇంకను మనుష్యులమధ్య నున్నామనుటకు గుర్తు. ఎన్నటికిని మరకపట్టని మనస్సును కోరుటకంటె, కడుగుకొనుటకు సిగ్గుపడనిదియు, కడిగిన పిమ్మట ఇతరులు తూలిపోకుండ కాలు నిలుపుకొనుటకు చోటియ్యగలదియు నగు మనస్సును కోరుట మేలు.