ఆగస్టు 15 మీద ఎవరి ముద్ర?

శ్రీ అరవిందులు 1872 ఆగస్టు 15న కలకత్తాలో పుట్టారు. డెబ్బై అయిదేళ్ల తర్వాత అదే తేదీన భారతదేశం స్వతంత్రమైంది. ఆ సందర్భంగా తిరుచిరాపల్లి రేడియో కేంద్రానికి ఇచ్చిన సందేశంలో ఆయన, ఈ కలయికను కాకతాళీయంగా భావించడం లేదనీ, తన అడుగులను నడిపించే దివ్యశక్తి వేసిన ఆమోదముద్రగా స్వీకరిస్తున్నాననీ అన్నారు. దేశం కోసం జైలుకు వెళ్లి, ఆ తర్వాత జీవితమంతా యోగసాధనకు అర్పించిన మనిషి మాట ఇది. భక్తుల ముచ్చటగా పక్కన పెట్టడానికి వీల్లేదు. అందుకే గౌరవంగానే అడగాలి: ఒక తేదీలో దైవసంకల్పాన్ని చదవవచ్చునా? చదవకూడదనే నేను నమ్ముతాను, అదీ భక్తిని కాపాడుకోవడానికే.

ముందు ఆ తేదీ ఎలా వచ్చిందో చూడాలి. అధికారం అప్పగించడానికి బ్రిటిష్ ప్రభుత్వం మొదట పెట్టుకున్న గడువు 1948 జూన్. దాన్ని ముందుకు జరిపింది మౌంట్‌బాటన్. జపాన్ లొంగుబాటుకు అది రెండో వార్షికోత్సవం కాబట్టి ఆగస్టు 15 తన మనసులోకి వచ్చిందని ఆయనే తర్వాత చెప్పుకున్నారు. ఆగ్నేయాసియాలో మిత్రరాజ్యాల సేనలకు అధిపతిగా ఉన్నది ఆయనే మరి. జపాన్ చక్రవర్తి 1945లో ఆ రోజు రేడియోలో లొంగుబాటు ప్రకటించడానికి కారణాల్లో హిరోషిమా, నాగసాకి ఉన్నాయి. అంటే ఈ ముద్ర ఎక్కడిదని వెతుక్కుంటూ వెనక్కి వెళితే రెండు నగరాల బూడిద మీదుగా నడవాలి.

దైవం మనుషుల చేతనే పని చేయిస్తుంది, మౌంట్‌బాటన్ నిమిత్తమాత్రుడు అనవచ్చు. గీత చదివినవారికి ఇది బలమైన వాదనే. అయితే ఒప్పుకుంటే పూర్తిగా ఒప్పుకోవాలి. 1942 ఆగస్టు 15న పుణెలోని ఆగాఖాన్ భవనంలో, నిర్బంధంలో ఉండగానే గాంధీ కార్యదర్శి మహదేవ్ దేశాయ్ కన్నుమూశారు. 1975లో అదే తేదీన ఢాకాలో షేక్ ముజిబుర్ రహమాన్‌నూ, ఆయన కుటుంబంలో చాలామందినీ కాల్చి చంపారు. 1947లోనైతే ఆ రోజు పంజాబ్‌లో నెత్తురు పారుతూనే ఉంది. హైదరాబాద్ సంస్థానంలోని తెలుగువారికి నిజాం పాలన తప్పింది 1948 సెప్టెంబరు 17న గాని, ఆ రోజున కాదు. శుభాన్ని దైవానికి చెల్లించి, అశుభాన్ని యాదృచ్ఛికం ఖాతాలో రాస్తే మనం చదువుతున్నది మన కోరికనే. ఆ మాటకొస్తే, ఇరవై ముగ్గురు మనుషులుంటే చాలు, వారిలో ఇద్దరి పుట్టినరోజు కలిసే అవకాశం సగానికి మించుతుందని గణితం చెబుతుంది. మహనీయులు పుట్టని తేదీ, మహాఘట్టం జరగని తేదీ ఏడాదిలో దొరకడమే కష్టం. నెపోలియన్ పుట్టింది కూడా ఆగస్టు 15నే.

పంచాంగం చూస్తే ఈ పోలిక నిలవదు. అరవిందులు పుట్టింది శుక్లపక్షంలో. స్వాతంత్ర్యం వచ్చింది కృష్ణపక్షం చివర, అమావాస్య ముంగిట. ఆ రోజు మంచిది కాదని జ్యోతిష్కులు అభ్యంతరం చెప్పారనీ, అర్ధరాత్రి ముహూర్తం వెనుక అదొక కారణమనీ అంటారు. రెండు ఘటనలను కలిపింది 1582లో పోప్ గ్రెగరీ సవరించిన కేలండరే. మరి శ్రీరామనవమి, కృష్ణాష్టమి కూడా అర్థం లేనివేనా అని అడగవచ్చు. కాదు. నవమినాడు పుట్టాడు కనుక రాముడు గొప్పవాడని ఎవరూ అనరు. రాముడి వల్లనే ఆ నవమికి గౌరవం. తిథి సాక్ష్యం చెప్పదు, స్మరణకు చోటిస్తుంది. అరవిందుల సందేశంలో ఎక్కువ భాగం కూడా ముద్ర గురించి కాదు; అఖండ భారతం మొదలుకొని తాను కన్న అయిదు కలల గురించి, ఇంకా మిగిలిన పని గురించి. మొదటి కల ఆ రోజే విరిగిందని ఆయనకు తెలుసు, దాచలేదు కూడా. ఆ సందేశంలో నాకు విలువైనది ఆ భాగమే.

అదే రోజు గాంధీ కలకత్తాలోని బేలియాఘాటలో ఉన్నారు. ఉత్సవాలకు వెళ్లలేదు. అది మహదేవ్ అయిదో వర్ధంతి. ఉపవాసం ఉండి గీతాపారాయణం చేయించారు. తేదీ తనకు ఏమి తెచ్చిందని ఆయన చూడలేదు, దానికి తాను ఏమి బాకీ ఉన్నాడో చూశారు. ధార్మికంగా ఈ దృష్టే నిలుస్తుందని నేననడానికి ఆ తర్వాత జరిగినదే ఆధారం. ఆ రోజు నగరంలో హిందువులు, ముస్లింలు కలిసి సంబరాలు చేసుకున్నారు. పక్షం రోజులు దాటగానే ఆ సామరస్యం చెదిరింది. సెప్టెంబరు 1న ఆయన నిరాహారదీక్షకు కూర్చుంటే, మూడు రోజుల్లో అల్లర్లు ఆగాయి. ఆ సెప్టెంబరు 1ని ఎవరూ ముహూర్తం చూసి పెట్టలేదు, ఎవరి జయంతి అనీ ఎంచలేదు.