గొట్టం ముక్కకు బొట్టు

దసరాకు మెకానిక్ షెడ్డులో పానాలు, సుత్తులు, అలెన్ కీలు కడిగి వరసగా పేర్చి బొట్టు పెడతారు. కోసిన పీవీసీ గొట్టం ముక్క, చివర నట్లు బిగించిన థ్రెడ్ రాడ్డు కూడా పనిముట్లే. కంపెనీ ముద్ర లేని వాటికి ఆయుధపూజ చెల్లుతుందా? ముందు వాటికే చెల్లాలని నా వాదన. పూజ ఇనుముకు కాదు, అందులోని శక్తికి అంటారు పెద్దలు. ఒప్పుకుంటాను. అయితే ఆ శక్తి ఏమిటో చెప్పాలి కదా. గీత 18వ అధ్యాయం ఏ కర్మకైనా ఐదు కారణాలు చెబుతుంది: అధిష్ఠానం, కర్త, కరణాలు, చేష్టలు, దైవం. కర్త వేరు, కరణం వేరు. కొన్న పనిముట్టుతో పనిచేసేటప్పుడు ఆ తేడా స్పష్టంగానే ఉంటుంది. సొంతంగా చేసుకున్న దానిలో మాత్రం కర్త గ్రహించిందే కరణంగా రూపు కడుతుంది. పూజించదగిన శక్తి ఆ గ్రహింపే.

బైకు ముందు ఫోర్కులో ఆయిల్ సీలు మార్చే పనే తీసుకోండి. చాలా బళ్లలో కింద ఉన్న అలెన్ బోల్టు తిప్పితే లోపలి డ్యాంపర్ రాడ్డూ దానితోపాటే తిరుగుతుంది, బోల్టు ఊడదు. కంపెనీ టూలు లేనివాడు రాడ్డు తలలోని గుంట ఆకారం చూస్తాడు, అందులో ఇమిడే నట్టు వెతుకుతాడు, దాన్ని థ్రెడ్ రాడ్డు చివర మరో నట్టుతో లాక్ చేసి పైనుంచి దించి పట్టుకుంటాడు. ఇక గొట్టం ముక్కతో కొట్టి కొత్త సీలు ఎక్కించాలి. ఫోర్కు ట్యూబు 35 మిల్లీమీటర్లదైతే పీవీసీ గొట్టం లోపలి వ్యాసం అంతకన్నా కాస్త ఎక్కువ ఉండాలి, బయటి వ్యాసం సీలు కూర్చునే గూడు కన్నా తక్కువ ఉండాలి. దెబ్బ సీలు బయటి అంచు మీదే పడాలి. లోపలి రబ్బరు పెదవికి గీత పడితే ఆయిల్ మళ్లీ కారుతుంది. అందుకే కొత్త సీలు మీద పాతదాన్ని అడ్డు పెట్టి కొడతారు, అదీ ఒక పక్క కోసి పెడతారు, లేకపోతే పాతదే గూడులో ఇరుక్కుపోతుంది. ఆ చిన్న కోతలో ఎంత ముందుచూపు ఉందో!

ఇదంతా లేమిని గొప్పగా చూపడమే అనే ఆక్షేపణ ఉంది. కారిన ఆయిల్ బ్రేకు డిస్కు మీదికి చేరితే పోయేది బండి నడిపేవాడి ప్రాణం. కంపెనీ టూలు వెనక ఎందరో ఇంజనీర్ల పరీక్షలు ఉన్నాయి, గొట్టం ముక్క వెనక ఒక్కడి అంచనానే ఉంది. ఈ మాట బరువైనదే, దాటవేయకూడదు. కానీ ఇది అజాగ్రత్తను తప్పుపడుతుంది తప్ప చేతి పనిముట్టును కాదు. స్క్రూడ్రైవరుతో ఒక పక్క నుంచి కొట్టి సీలును వంకర చేసేవాడి చేతిలో ఉన్నది కూడా కొన్న టూలే. గొట్టం కొలిచి కోసినవాడికి దెబ్బ ఎక్కడ పడాలో తెలుసు, ఏ పనికి ఆ గొట్టం చాలదో కూడా తెలుసు. తాడుతో అణచి కట్టిన వెనక షాకు స్ప్రింగు, ఆ తాడు తెగి ఎగిరితే మనిషి ముఖం పగులుతుంది. నైట్రోజన్ నింపిన షాకులో ఒత్తిడి ఇంకా ప్రమాదకరం. వాటిని విప్పకుండా, సరైన పరికరాలు ఉన్న చోటికి పంపే మెకానిక్‌ది చేతగానితనం కాదు. గొట్టాన్ని కొలిచి కోయించిన తెలివే అక్కడ చేతిని ఆపింది.