సౌదీ కేసెట్టు ఎవరి సొత్తు?

పండుగకి అటకలు దులిపే వేళ కొన్ని ఇళ్ళలో సౌదీ కేసెట్లు బయటపడుతుంటాయి. ఫోను ఖరీదైన 1980లలో రియాద్, జెద్దాలలో పనిచేసే మనవాళ్ళు కొందరు ఉత్తరానికి బదులు మాటలు రికార్డు చేసి, సెలవుపై ఊరెళ్ళేవారి చేత పంపేవారు. టేపు మీది అయస్కాంతపు పూత ఏళ్ళు గడిచేకొద్దీ పాడవుతుంది. కనుక ఆ గొంతుని కంప్యూటర్లోకి ఎక్కించి కాపాడటం పిల్లల ధర్మం.

చిక్కు ఆ తరువాతే. 90 నిమిషాల కేసెట్టు సరిగ్గా ఎక్కిందో లేదో తెలియాలంటే ఎవరో ఒకరు వినాలి. అందులో అప్పుల గోడు, భార్యకి మాత్రమే చెప్పుకున్న మాట ఉండవచ్చు. కేసెట్టు ఒక పెట్టెలో ఉండేది; ఫైలు క్షణంలో వందమందికి చేరుతుంది.

మాట్లాడినవారు ఉంటే వారిని అడుగుదాం. లేకుంటే ఎవరికోసం మాట్లాడారో వారిని అడుగుదాం. ఇద్దరూ లేనప్పుడు భద్రంగా దాచుదాం, పదిమందిలో పెట్టవద్దు. పెద్దల గొంతు మనకి దక్కిన ఆస్తి. వారి గుట్టు మాత్రం మన దగ్గరున్న తాకట్టు.