పిలిస్తే తలెత్తని నలుడు



శనివారం రావులపాలెంలో బస్సు దిగి వాడపల్లి వెంకన్న దర్శనానికి వెళ్లే కుర్రాళ్లను చూడండి. నోట్లో గోవింద నామం, చేతిలో బీజీఎంఐ! "గేమ్ ఆడితే పాపమా గురువుగారూ?" అని అడుగుతుంటారు. భారతం అరణ్యపర్వంలో ఉంది సమాధానం.

నలమహారాజు పుష్కరుడితో పాచికలకు కూర్చున్నాడు. కలి ఆయనలో దూరాడు. మంత్రులు, పౌరులు గుమ్మం దగ్గరికొచ్చి నిలబడ్డారు. దమయంతి కన్నీళ్లతో పిలిచింది. నలుడు బదులివ్వలేదు. రాజ్యం తర్వాత పోయింది. పిలిస్తే పలికే మనిషి ముందే పోయాడు. అమ్మ అన్నానికి పిలిస్తే "ఒక్క మ్యాచ్ అమ్మా" అన్నది గుర్తొచ్చిందా?

అదే నలుడు తర్వాత ఋతుపర్ణుడి దగ్గర అక్షహృదయం, అంటే పాచికల రహస్యం, నేర్చుకున్నాడు. ఆ విద్య రాగానే కలి విషం కక్కుతూ బయటికొచ్చాడు. మళ్లీ పుష్కరుడితో ఆడి, గెలిచి, అతన్ని క్షమించాడు. మొదట ఆట ఆయన్ని ఆడించింది, తర్వాత ఆయన ఆటను ఆడాడు.

డబ్బు పందేల ఆన్‌లైన్ ఆటలను 2025లో కేంద్ర చట్టమే నిషేధించింది, వాటి జోలికే వద్దు. ఈస్పోర్ట్స్ వేరు. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో వాటికి పతకాలే ఇచ్చారు. ఆడండి, బాగా ఆడండి.

అయితే వాడపల్లి ఏడు శనివారాల మొక్కుతో పాటు ఇంకో నియమం పట్టండి. ఇంట్లోవాళ్లు పిలిస్తే, మ్యాచ్ మధ్యలో ఉన్నా సరే, మొదటి పిలుపుకే తలెత్తాలి. ర్యాంక్ పడిపోతుందా? పడనివ్వండి. కలి బయటికి పోతాడు.

ఓం నమో వేంకటేశాయ.