వచ్చింది పంపాను అంటే సరిపోతుందా?

అల్లాహ్ మానవునికి ప్రసాదించిన అనుగ్రహాల్లో జ్ఞానం ఎంతో గొప్పది. హిరా గుహలో దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం)పై అవతరించిన తొలి వహీ చదవమన్న ఆదేశంతోనే మొదలైంది. కలం ద్వారా మనిషికి తెలియని విషయాలు నేర్పిన ప్రభువును ఆ వాక్యాలు పరిచయం చేశాయి. ఆనాడు తోలు ముక్కల మీద, ఎముకల మీద, ఖర్జూరపు మట్టల మీద రాసుకున్న దివ్యవాణి ఈనాడు అరచేతిలోని సెల్‌ఫోన్‌లో కనిపిస్తోంది, వినిపిస్తోంది.

తెలుగు ముస్లిములకు ఈ సౌకర్యం మరింత విలువైనది. అరబీ రాని, ఉర్దూ చదవలేని కుటుంబాలు మన పల్లెల్లో ఎన్నో ఉన్నాయి. ఒకప్పుడు వారికి ధర్మజ్ఞానమంటే జుమా నాడు మస్జిదులో విన్న నాలుగు మాటలే. అవి ఉర్దూలో ఉంటే సగం అర్థమయ్యేవి కావు. ఇప్పుడు ఖుర్ఆన్ తెలుగు అనువాదం, పండితుల ప్రసంగాలు, నమాజు వేళలు, ఖిబ్లా దిశ అన్నీ ఫోన్‌లోనే దొరుకుతున్నాయి. ఈ మేలును కాదనడం కృతఘ్నత అవుతుంది.

అయితే ప్రతి అనుగ్రహం గురించీ పరలోకంలో లెక్క చెప్పవలసి ఉంది. మనకు ఒక సందేశం వస్తుంది. దాన్ని మనం రాయలేదు, కల్పించలేదు. బాగుందనిపించి పది మందికి పంపాం. తీరా అది అబద్ధమని తేలింది. ఆ పాపంలో మనకు భాగం ఉందా? “వచ్చింది పంపాను, అంతే” అన్న జవాబు అల్లాహ్ సన్నిధిలో చెల్లుతుందా? ఫోన్ ఉన్న ప్రతి విశ్వాసీ ఈ ప్రశ్న వేసుకోవాలి.

ముందుకు పంపినవాడూ ఉల్లేఖకుడే

ఈ ప్రశ్నకు జవాబు మదీనాలో జరిగిన ఒక బాధాకరమైన సంఘటనలో ఉంది. బనీ ముస్తలిఖ్ దండయాత్ర నుంచి తిరిగి వస్తున్నప్పుడు విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ ఆయిషా (రజి) పోయిన హారాన్ని వెతుక్కుంటూ బిడారానికి దూరమయ్యారు. వెనుక వస్తున్న హజ్రత్ సఫ్వాన్ (రజి) ఆమెను తన ఒంటెపై ఎక్కించి, తాను నడుస్తూ తీసుకొచ్చారు. ఇంతమాత్రానికే కపటుల నాయకుడు అబ్దుల్లాహ్ బిన్ ఉబై అపనింద అల్లాడు. దాదాపు నెల రోజుల పాటు ఆ మాట మదీనాలో నోటి నుంచి నోటికి పాకింది. ఆ తల్లి కన్నీటితో రాత్రులు గడిపారు.

మాట పుట్టించినవాడు కపటి. కానీ దాన్ని మోసినవారిలో నిజమైన విశ్వాసులు కూడా ఉన్నారు. బద్ర్ యుద్ధంలో పాల్గొన్న హజ్రత్ మిస్తహ్ (రజి) వారిలో ఒకరు. వారు కల్పించలేదు, విన్నది చెప్పారు. అయినా సూరా నూర్ వాక్యాలు అవతరించినప్పుడు మందలింపు వారికీ వర్తించింది. తెలియని విషయాన్ని నాలుకల మీద మోసుకుంటూ అదేదో తేలికైన సంగతి అనుకున్నారని, అల్లాహ్ దృష్టిలో అది చాలా పెద్ద విషయమని 15వ వాక్యం హెచ్చరించింది. ఆ మాట పలికినవారిలో ఇద్దరు పురుషులకు, ఒక స్త్రీకి శిక్ష అమలైనట్లు హదీసు గ్రంథాల్లో ఉంది.

అదే సమయంలో మరో రకం మనుషులూ ఉన్నారు. హజ్రత్ అబూ అయ్యూబ్ అన్సారీ (రజి) ఇంట్లో ఈ ప్రస్తావన వచ్చినప్పుడు ఆయన తన భార్యను ఒకే మాట అడిగారు: అలాంటి పని నువ్వు చేస్తావా అని. చెయ్యనని ఆమె అంటే, ఆయిషా నీకంటే ఉత్తమురాలు కదా అన్నారు. మాట ఆ ఇంటి గడప దాటలేదు. సందేశం అందరికీ ఒకటే వచ్చింది. ఒకరు మోశారు, ఒకరు ఆపారు. ఇద్దరికీ అల్లాహ్ దగ్గర లెక్క ఒకటి కాలేదు.

ఉద్దేశం లేకపోతే పాపం లేదా?

కొందరు సోదరులు ఇక్కడ ఒక సందేహం వెలిబుచ్చుతారు. దైవప్రవక్త (స) తన పేరిట ఉద్దేశపూర్వకంగా అబద్ధమాడినవాడికి నరకాగ్ని హెచ్చరిక చేశారు. మాకు ఆ ఉద్దేశం లేదు కదా, తన నుంచి ఒక్క వాక్యమైనా సరే ఇతరులకు అందజేయమని ఆయనే చెప్పారు కదా అంటారు.

ఆ రెండు మాటలూ సహీహ్ బుఖారీలో ఒకే హదీసులో ఉన్నాయి. అందజేయమన్న ఆజ్ఞతో మొదలైన ఆ ప్రవచనం, ఆయన పేరిట అబద్ధం చెప్పేవాడికి నరకం తప్పదన్న హెచ్చరికతో ముగుస్తుంది. మొదటి భాగాన్ని ఉత్సాహంగా చెప్పుకుని చివరి భాగాన్ని వదిలేయడం న్యాయం కాదు. ఇక ఉద్దేశం సంగతి. విన్న ప్రతి మాటనూ చెప్పేయడమే ఒక మనిషి అబద్ధాలకోరు అనిపించుకోవడానికి చాలునన్న ప్రవచనాన్ని ఇమామ్ ముస్లిం (రహ్మ) తన గ్రంథం ముందుమాటలోనే ఉంచారు. ఇందులో అబద్ధమాడాలన్న ఉద్దేశం ప్రస్తావన లేదు. అది నిజమో కాదో పట్టించుకోకపోవడమే ఇక్కడ నేరం.

అబద్ధమాడేవాడికి నిజమేమిటో తెలుసు, దాన్ని దాస్తాడు. చూడకుండా పంపేవాడికి నిజమైనా ఒకటే, అబద్ధమైనా ఒకటే. సత్యం విలువ అతని మనసులో లేకుండా పోయింది. విశ్వాసి హృదయానికి ఇది చిన్న జబ్బు కాదు. తెలియని దాని వెంట పడవద్దని, చెవి, కన్ను, హృదయం అన్నింటినీ ప్రశ్నించడం జరుగుతుందని సూరా బనీ ఇస్రాయీల్ 36వ వాక్యం చెబుతోంది. ఫోన్ మీద ఆడే వేలికి కూడా ఈ హెచ్చరిక వర్తించదా?

ఒక్క హదీసు కోసం నెల రోజుల ప్రయాణం

మన పూర్వీకులు ఈ బాధ్యతను ఎలా మోశారో చూడండి. హజ్రత్ జాబిర్ బిన్ అబ్దుల్లాహ్ (రజి) ఒకే ఒక్క హదీసు కోసం ఒంటెను కొని, నెల రోజులు ప్రయాణించి, సిరియాలో ఉన్న హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉనైస్ (రజి) దగ్గరకు వెళ్లారు. ఆ హదీసు ఆయనకు అప్పటికే మరొకరి ద్వారా చేరింది. అయినా ప్రవక్త (స) నోట స్వయంగా విన్నవారి నుంచి వినాలనుకున్నారు.

ఆ తర్వాతి తరాల్లో ఇదొక శాస్త్రంగా రూపుదిద్దుకుంది. ఎవరు ఎవరి నుంచి విన్నారో తెలిపే ఉల్లేఖకుల పరంపరను సనద్ అంటారు. సనద్ ధర్మంలో భాగమని, అదే లేకపోతే ఎవరికి తోచింది వారు చెప్పేవారని క్రీ.శ. 797లో మరణించిన అబ్దుల్లాహ్ బిన్ ముబారక్ (రహ్మ) అన్నారు. ప్రతి ఉల్లేఖకుడి జ్ఞాపకశక్తినీ, నిజాయితీనీ, ఎవరిని కలిశాడు, ఎప్పుడు మరణించాడు అన్నదాన్నీ పరిశీలించారు. ప్రవక్త (స) పేరు వినగానే కళ్లకు అద్దుకుని ఊరుకోలేదు. ఆ పేరు మీద ప్రేమ ఉన్నందుకే ప్రశ్నించారు.

మనకు వచ్చే సందేశాల్లో చాలావాటికి అడుగున “హదీసు” అన్న ఒక్క మాట తప్ప గ్రంథం పేరు ఉండదు, ఉల్లేఖకుడి పేరు ఉండదు. కొన్నిటికి పేరు, నంబరు కూడా ఉంటాయి. తెరిచి చూస్తే అక్కడ ఆ హదీసు ఉండదు. ఈ మధ్య కృత్రిమ మేధను ప్రశ్న అడిగి జవాబు తెప్పించుకునేవారు పెరిగారు. అది కూడా లేని హదీసుకు నంబరు తగిలించి నమ్మకంగా చెప్పగలదు. నంబరు ఉండటమే ప్రమాణం కాదు.

మంచి మాటే కదా!

“అబద్ధమైతే మాత్రం ఏం? దాని వల్ల జనం మంచి పనులు చేస్తారు కదా!” అనేవారూ ఉన్నారు. ఈ వాదన కొత్తది కాదు. నూహ్ బిన్ అబీ మర్యమ్ అనే ఆయన ఖుర్ఆన్‌లోని ఒక్కొక్క సూరా ఘనత గురించి హదీసులు కల్పించాడు. ఎందుకని అడిగితే, జనం ఖుర్ఆన్ వదిలేసి ఫిఖ్‌హ్ చర్చల్లో, యుద్ధగాథల్లో మునిగిపోతున్నారు, వారిని తిరిగి ఖుర్ఆన్ వైపు తేవాలని చేశానన్నాడు. ఇలా పుణ్యం పేరుతో కల్పించినవారే అందరికంటే ఎక్కువ హాని చేశారని హదీసు పండితులు తేల్చారు. ఎందుకంటే వారి భక్తిని చూసి జనం నమ్మేశారు.

చైనా వెళ్లి అయినా విద్య నేర్చుకోమన్న మాట మన సభల్లో, పుస్తకాల్లో ఎన్నిసార్లు వినబడుతుందో! 1201లో మరణించిన ఇబ్నుల్ జౌజీ (రహ్మ) దాన్ని తన కల్పిత హదీసుల సంకలనంలో చేర్చారు. విద్య విలువ చెప్పడానికి ప్రామాణిక హదీసులు కరువా? ఏటా రమజాన్‌కు ముందు మరొకటి తిరుగుతుంది. రమజాన్ వార్త ముందుగా ఎవరు చెబితే వారికి నరకాగ్ని నిషేధమవుతుందని. ఇది హదీసు కాదు. ఉపవాసం, తరావీహ్, జకాత్ ద్వారా సంపాదించుకోవలసిన దాన్ని ఒక్క మీట నొక్కితే దక్కుతుందని నమ్మించడం ధర్మాన్ని చులకన చేయడమే. అల్లాహ్ ధర్మానికి మన అబద్ధాల సాయం అవసరం లేదు.

ప్రాణాలు తీసిన సందేశాలు

ధర్మ విషయాలే కాదు, లోక విషయాల్లోనూ ఇదే సూత్రం. 2018 వేసవిలో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని దేశమంతటా వాట్సాప్‌లో పుకార్లు పాకాయి. అప్పుడు తిరిగిన ఒక వీడియో కరాచీలో పిల్లల భద్రతపై అవగాహన కోసం తీసినది. బాలుడిని తిరిగి అప్పగించే చివరి భాగాన్ని ఎవరో కత్తిరించారు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అమాయకులపై దాడులు జరిగాయి. జూలై 1న మహారాష్ట్రలోని ధూలే జిల్లాలో ఐదుగురిని కొట్టి చంపారు. జూలై 13న బీదర్ జిల్లాలో పిల్లలకు చాక్లెట్లు ఇచ్చిన పాపానికి హైదరాబాదుకు చెందిన ఒక ముస్లిం యువ ఇంజనీరు బలైపోయాడు. ఆ సందేశాలు పంపినవారిలో ఎక్కువమంది హంతకులు కారు. తమ పిల్లల గురించి భయపడిన మామూలు తల్లిదండ్రులు.

2020లో కరోనా కాలంలో ఎక్కడివో పాత వీడియోలు చూపించి ముస్లిములే వ్యాధిని అంటిస్తున్నారని ప్రచారం చేశారు. ఆ అబద్ధాల దెబ్బ మన కూరగాయల బండ్ల మీద, మన ఇళ్ల మీద పడింది. ఆ నొప్పి తెలిసిన మనం మరో వర్గం మీద, మరో జమాఅత్ మీద, ఊళ్లోని ఒక ఆడబిడ్డ మీద వచ్చిన మాటను విచారించకుండా పంపవచ్చా? దుర్మార్గుడు వార్త తెస్తే నిజానిజాలు విచారించుకోమని, లేకుంటే తెలియక ఇతరులకు హాని చేసి తర్వాత పశ్చాత్తాపపడవలసి వస్తుందని సూరా హుజురాత్ 6వ వాక్యం ఆదేశం. ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చోట్లకు మించి పంపకుండా ఆ కంపెనీ 2018లో మన దేశంలో పరిమితి పెట్టింది. ఆ పరిమితి వేలిని ఆపుతుంది. మనసును ఆపవలసింది దైవభీతి.

మనమేం చేయాలి?

సహాబాలు పది వాక్యాలు నేర్చుకుంటే, వాటిని అర్థం చేసుకుని ఆచరణలో పెట్టేదాకా ముందుకు సాగేవారు కాదని హజ్రత్ ఇబ్నె మస్‌వూద్ (రజి) ద్వారా తెలుస్తోంది. మనం రోజుకు యాభై సందేశాలు చదివి, ఒక్కటీ ఆచరించకుండా అన్నీ పంచుతున్నాం. పంచడాన్నే నేర్చుకోవడం అనుకుంటున్నాం. నచ్చిన ఒక్క మాట దగ్గర ఆగి, గ్రంథంలో చూసి, ఆచరించి, ఆ తర్వాత పంపితే అది సదఖా అవుతుంది.

పరిశోధించే తీరిక, శక్తి లేనివారు బెంగపడనక్కర్లేదు. భద్రతకో, భయానికో సంబంధించిన వార్త రాగానే చాటింపు వేసేవారిని మందలిస్తూ, దాన్ని బాధ్యులైన తెలిసినవారి ముందుంచాలని సూరా నిసా 83వ వాక్యం దారి చూపింది. మస్జిదు ఇమామ్‌ను అడగండి. ఊళ్లోని ఆలిమ్‌ను అడగండి. జవాబు దొరకకపోతే ఆపేయండి. పంపని సందేశానికి ఎవరూ లెక్క అడగరు.

ఇదివరకు పంపినదాంట్లో తప్పు తెలిస్తే, మనసులో తౌబా చేసుకుంటే సరిపోదు. తౌబా చేసి, సరిదిద్దుకుని, స్పష్టంగా తెలియజేసినవారిని క్షమిస్తానని సూరా బఖరా 160వ వాక్యంలో అల్లాహ్ వాగ్దానం చేశాడు. ఎవరెవరికి పంపామో వారికే, అది తప్పని మళ్లీ తెలపాలి. నలుగురిలో తల వంచుకోవలసి వస్తుంది, నిజమే. అల్లాహ్ ముందు తల వంచుకోవడం కంటే ఇది ఎంతో తేలిక.

ప్రయోజనకరమైన జ్ఞానాన్ని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక! మన నాలుకలను, మన చేతులను అసత్యం నుంచి కాపాడుగాక! ఆమీన్.